డ్రైవ్ తెరుచుకోకపోతే ఫార్మాట్ కొట్టకండి

(విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ ఆపరేటర్లు, ఫొటో స్టూడియోలవాళ్లు, జెరాక్స్ షాపులవాళ్లు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక కంప్యూటర్ రిపేర్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఒకరు వన్‌టౌన్ నుంచి, ఒకరు బెంజ్ సర్కిల్ నుంచి, ఇద్దరు ముగ్గురు గుంటూరు బ్రాడీపేట నుంచి కూడా వచ్చారు. మీలో సగం మంది నాకు నా షాపు గుమ్మం దగ్గర పరిచయమైనవాళ్లే. చేతిలో పెన్‌డ్రైవ్ పట్టుకుని, "ఏవండీ, ఇందులో పెళ్లి ఫొటోలున్నాయి, ఓపెన్ కావట్లేదు, సాయంత్రానికి ఆల్బమ్ ప్రింటుకు వెళ్లాలి" అంటూ వచ్చినవాళ్లు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ ఒక్క విషయం మీదే గంటసేపు మాట్లాడతానని నిర్వాహకులను అడిగాను.

పెన్‌డ్రైవ్ పెట్టి డబుల్ క్లిక్ చేస్తాం. చిన్న బాక్సు వస్తుంది. "యాక్సెస్ ఈజ్ డినైడ్". లోపలికి పోవడానికి మీకు అనుమతి లేదు అని దాని అర్థం. ఫైళ్లు పోయాయని ఆ మాటలో ఎక్కడా లేదు. కానీ మన కంటికి అలాగే కనబడుతుంది. కంగారులో పక్క షాపు కుర్రాడికి ఇస్తాం. అతను "పోయింది సార్, ఫార్మాట్ కొడితే డ్రైవ్ అయినా పనికొస్తుంది" అంటాడు. మనం సరే అంటాం. ఇంటికి తాళం చెవి దొరకలేదని సామాను అంతా వీధిలో పారబోసినట్టు అవుతుంది ఆ పని.

కాబట్టి బాక్సు రాగానే ఫోన్ తీసి దాన్ని ఫొటో తీయండి. ఓకే కొట్టేయకండి. ఎందుకంటే మనందరం "ఓపెన్ కావట్లేదు" అని ఒకే మాట అంటాం గానీ, కంప్యూటర్ మాత్రం రకరకాల మాటలు చెబుతుంది. "యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని వచ్చిందంటే, లోపల ఫైళ్ల పట్టికను విండోస్ చదవలేకపోతోందని అర్థం. అది దెబ్బ. "ద డిస్క్ ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్" అని వస్తే చదవడం కుదురుతుంది, కొత్తగా రాయడం కుదరదు. కెమెరా కార్డు పెట్టే అడాప్టర్‌కు పక్కన చిన్న మీట ఉంటుంది చూశారా, అది కిందికి జారి ఉంటే ఇదే మాట వస్తుంది. మీట లేని పెన్‌డ్రైవ్‌లో వస్తే, చాలాసార్లు లోపలి చిప్ అరిగిపోయి, ఇక రాయనివ్వను, ఉన్నది మాత్రం తీసుకోండి అని చెబుతున్నట్టు. వెంటనే కాపీ చేసుకుని దాన్ని పక్కన పెట్టేయాలి. దాన్ని బాగుచేద్దామని గంటలు గంటలు కూర్చోవడం నా లెక్కలో దండగ.

ఇవాళ్టి విషయం "యాక్సెస్ ఈజ్ డినైడ్". ఇది రావడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. అందులో మొదటిదే నన్ను అందరూ అడిగేది, అందరికీ అర్థం కానిది కూడా అదే. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మనం వాడే డ్రైవ్‌లలో లోపలి అమరిక మామూలుగా మూడు రకాలు. ఫ్యాట్ 32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్. మొదటి రెండింటిలో తాళాలంటూ ఉండవు. ఎవరు పెట్టినా తెరుచుకుంటాయి. ఎన్‌టీఎఫ్ఎస్ అలా కాదు. అది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది, ఆఫీసుల కోసం. ఒకే కంప్యూటర్ మీద పదిమంది పనిచేస్తారు, అకౌంట్స్ ఆయన ఫైలు గుమస్తా చూడకూడదు. అందుకని ప్రతి ఫైలుకు, ప్రతి ఫోల్డర్‌కు దీని యజమాని ఎవరు, ఎవరెవరు చదవొచ్చు, ఎవరెవరు మార్చొచ్చు అనే జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితా కంప్యూటర్‌లో ఉండదు, డిస్క్ మీదే రాసి ఉంటుంది. డిస్క్ ఎక్కడికి పోతే జాబితా కూడా అక్కడికే పోతుంది.

ఇక్కడే చిక్కు. ఆ జాబితాలో మన పేరు ఉండదు. ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. ఎస్-1-5-21 అని మొదలై, తర్వాత చాంతాడంత అంకెలు. మీరు విండోస్ వేసుకున్నప్పుడు, యూజర్‌ను సృష్టించినప్పుడు ఆ నంబరు పుడుతుంది. రేపు అదే కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ వేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టినా కొత్త నంబరే వస్తుంది. మన ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఇద్దరుంటారు, ఆధార్ నంబర్లు మాత్రం వేరు కదా. డిస్క్ ఆధార్ నంబరు చూస్తుంది, పేరు చూడదు. "నా కంప్యూటరే, నా డిస్కే, నన్నే రానివ్వదేంటి" అని మీరు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

(సభలోంచి: "మరి పెన్‌డ్రైవ్‌లకు ఇలా రాదు కదండీ, ఎక్కువగా హార్డ్‌డిస్క్‌కే వస్తుంది?")

సరిగ్గా పట్టుకున్నారు. కొత్త పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్ 32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో వస్తాయి. అందుకే వాటిలో ఈ తాళం గొడవ అరుదు. ఎవరికి వస్తుందంటే, పాత కంప్యూటర్ పాడైతే అందులోని హార్డ్‌డిస్క్ తీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటారు చూడండి, వాళ్లకు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ పాత యూజర్ ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్‌కు తాళం ఉంటుంది. పెన్‌డ్రైవ్ అయినా, ఎవరో నాలుగు జీబీ దాటిన వీడియో పట్టట్లేదని ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చి ఉంటే, దానికీ వస్తుంది. ఫ్యాట్ 32లో ఒక్కో ఫైలు నాలుగు జీబీకి మించకూడదు, పెళ్లి వీడియోలవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మీ డ్రైవ్ ఏ రకమో చూడాలంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవ్ పక్కనే రాసి ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉంటే తాళం అనుమానం నిజం కావచ్చు. ఎక్స్‌ఫ్యాట్ అని ఉండి కూడా అనుమతి లేదంటుంటే, తాళం సంగతి మర్చిపోయి మిగతా దారులు వెతకాలి. రా అని, ఇంగ్లిష్‌లో ఆర్, ఏ, డబ్ల్యూ అని ఉంటే పట్టిక దెబ్బతింది. అక్కడ ఇంక ఏ బటనూ నొక్కకండి.

ఇప్పుడు ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. రిటైరైన తెలుగు మాస్టారు. వాళ్ల నాన్నగారు చేతిరాతతో రాసిపెట్టుకున్న జ్ఞాపకాలను నాలుగేళ్లపాటు కూర్చుని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేసుకున్నారు. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. డిస్క్ తీయించి కేసులో పెట్టించారు. ఒకచోట చూపిస్తే యాక్సెస్ డినైడ్ అని వచ్చింది, "డేటా పోయింది మాస్టారూ" అన్నారట. ఆ మాట విని ఆయన రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని వాళ్ల అమ్మాయి నాతో చెప్పింది. నా దగ్గరికి వచ్చాక ఆ పని ఎంతసేపు పట్టిందో తెలుసా? కాపీకి పట్టిన సమయం, అంతే. ఏ ఫైలూ పోలేదు. ఆ చేతిరాత కాగితాలు మాత్రం అప్పటికే చెదలు పట్టి పోయాయి. అంటే ఆ డిస్క్ ఒక్కటే మిగిలింది. ఎవరైనా ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేది? నేను ఇవాళ ఇలా గట్టిగా మాట్లాడుతున్నది ఆయన మొహం గుర్తుండే.

ఆ పని ఎలా చేశానో చెబుతాను. అందరూ చేసే పద్ధతి ఒకటుంది. ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే "మీకు అనుమతి లేదు, కావాలంటే కంటిన్యూ నొక్కండి" అని వస్తుంది. మీరు అడ్మినిస్ట్రేటర్ అయితే, కంటిన్యూ నొక్కగానే విండోస్ మీ నంబరును ఆ జాబితాలో చేరుస్తుంది. లక్ష ఫైళ్లుంటే చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపకూడదు. అది కుదరకపోతే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ అని ఉంటుంది, పక్కన చేంజ్. అక్కడ మీ యూజర్ పేరు ఇచ్చి, లోపలి ఫోల్డర్లన్నిటికీ మార్చమనే టిక్ పెట్టి ఓకే చేయాలి. తర్వాత మళ్లీ అదే చోటికి వచ్చి మీ పేరును యాడ్ చేసి ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. యజమాని కావడం ఒక మెట్టు, అనుమతి రాసుకోవడం ఇంకో మెట్టు. మొదటిది చేసి రెండోది మరిచిపోయి, "మార్చినా రావట్లేదు" అని నాకు ఫోన్ చేస్తుంటారు. ఇవే పనులు కమాండ్‌తో చేయాలంటే టేక్‌ఓన్, ఐక్యాకల్స్ అని రెండున్నాయి. స్పెల్లింగులు బోర్డు మీద రాశాను.

మంచి పద్ధతులే. డిస్క్ ఆరోగ్యంగా ఉంటే చేయండి. కానీ ఒక్క విషయం గమనించండి. యజమానిని మార్చడమంటే ప్రతి ఫైలు రికార్డును ముట్టుకుని డిస్క్ మీద కొత్తగా రాయడం. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద లక్షసార్లు రాయించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. అందుకని నేను ముందు తాళం ముట్టుకోకుండా సరుకు బయటికి తెచ్చుకుంటాను. దానికి విండోస్‌లోనే రోబోకాపీ అని ఒక కమాండ్ ఉంది. ఎక్కడా కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైపు చేస్తే కమాండ్లు రాసే విండో పేరు కనబడుతుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిచి, రోబోకాపీ, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రాసి, చివర స్లాష్ ఇ, స్లాష్ బి అని ఇవ్వాలి. స్లాష్ ఇ అంటే లోపలి ఫోల్డర్లన్నీ. అసలు మహిమ స్లాష్ బిది. బ్యాకప్ తీసేవాడిలా వెళ్లు అని చెప్పడం. బ్యాకప్ తీసేవాడికి ఆ జాబితాతో పనిలేదు, అన్నీ చదవొచ్చు. పాత డిస్క్ మీద తాళాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, ఇవతలికి వచ్చిన కాపీలకు మాత్రం పాత తాళాలు అంటుకోవు.

ఇంకో మూడు ముక్కలు కూడా తప్పకుండా రాసుకోండి. స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1, స్లాష్ ఎక్స్‌జే. చదవలేని ఫైలు తగిలితే రోబోకాపీ మామూలుగా ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నిస్తుందో తెలుసా? 10 లక్షల సార్లు, ఒక్కోసారికి 30 సెకన్లు ఆగుతూ. రాత్రి పెట్టి పొద్దున వచ్చి చూస్తే ఒకే ఫైలు దగ్గర నిలబడి ఉంటుంది. ఆర్, డబ్ల్యూ ఇస్తే ఒక సెకను ఆగి, ఇంకొక్కసారి ప్రయత్నించి ముందుకు పోతుంది. ఎక్స్‌జే ఇవ్వకపోతే యూజర్ ఫోల్డర్‌లో ఒకదాంట్లో ఒకటి తిరిగే దొంగ దారుల్లో చిక్కుకుని గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. మాస్టారి డిస్క్ బయటికి వచ్చింది ఈ ఒక్క లైనుతోనే.

(సభలోంచి ఒక మహిళ: "డిస్క్ టిక్ టిక్‌మంటుంటే కూడా ఇదే చేయాలా అండీ?")

లేదమ్మా. శబ్దం వస్తుంటే వెంటనే తీసేయండి. ముందు కేబుల్ మార్చి, కంప్యూటర్ వెనక వైపు పోర్టులో పెట్టి ఒక్కసారి చూడండి. ముందు పోర్టులకు పొడుగు వైర్లు ఉంటాయి, కరెంటు చాలకపోవచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, 3.0 అయితే 900. చాలని కరెంటుతో కూడా హార్డ్‌డిస్క్ అలా కొట్టుకుంటుంది. మార్చినా శబ్దం ఆగకపోతే అది నాలాంటి మెకానిక్ పని కూడా కాదు. డేటా రికవరీ ల్యాబుకు పంపాలి. మీరు ఎన్నిసార్లు పెట్టి చూస్తే అన్నిసార్లు దానికి నష్టం.

నేనూ ఒకరి డేటా పోగొట్టాను. ఆ సంగతి ఇక్కడ దాచడం మంచిది కాదు. పనిలోకి వచ్చిన కొత్తలో ఒక స్టూడియో అన్న పెళ్లి వీడియోలున్న డిస్క్ తెచ్చాడు. తెరుచుకోవట్లేదు. నేను కాపీ తీయకుండానే చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ కొట్టాను. చెక్‌డిస్క్ పని పట్టికను సరిచేయడం. పట్టిక సరిగ్గా ఉంటే చాలు, ఫైళ్లేమైపోయినా దానికి పట్టదు. ఎవరికి చెందుతాయో తేలని ముక్కలన్నీ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేసింది. ఊరూ పేరూ లేని ఫైళ్లు వందలు. తర్వాత ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు చాలావరకు తీశాను. వీడియోలు చాలావరకు ముక్కలైపోయాయి. ఆ పెళ్లికూతురి నాయనమ్మ పెళ్లయిన నెలకే పోయారట. ఆవిడ మాట వినిపించే వీడియో అదొక్కటే. ఇన్నేళ్లయినా అది నా మనసులోంచి పోలేదు. ఆ రోజు నుంచి నా షాపులో ఒకటే పద్ధతి. బాగుచేసే పని ఏదైనా, కాపీ బయటికి వచ్చాకే. దెబ్బతిన్న డిస్క్ అయితే, విండోస్‌కు బదులుగా ఉబుంటు లాంటి లైనక్స్‌ను వేరే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, చదవడానికి మాత్రమే తెరిచి కాపీ చేస్తాను. మామూలుగా తెరిస్తే లైనక్స్ విండోస్ తాళాలను పట్టించుకోదు. పైగా చదవడానికి మాత్రమే తెరిచాం కాబట్టి డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయదు.

రెండో దారి, బిట్‌లాకర్. ఇది తాళం కాదు, లోపలి సరుకంతా గుప్తలిపిలో మార్చి పెట్టడం. యజమానిని మార్చినా, రోబోకాపీ పెట్టినా, లైనక్స్ పెట్టినా ప్రయోజనం లేదు. 48 అంకెల రికవరీ కీ కావాలి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే మనకు తెలియకుండానే ఇది ఆన్ అవుతుంది. కీ అదే అకౌంట్‌లో దాచి ఉంటుంది. కస్టమర్ ల్యాప్‌టాప్ నుంచి డిస్క్ తీసేముందు ఆ అకౌంట్ ఏదో, పాస్‌వర్డ్ గుర్తుందో లేదో అడగండి. కీ దొరక్కపోతే నేనేమీ చేయలేను, ఎవరూ చేయలేరు. చేస్తానని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

మూడో దారి, ఆఫీసు నిబంధన. మీ పెన్‌డ్రైవ్ మీ షాపులో తెరుచుకుంటుంది, కస్టమర్ బ్యాంకులోనో ఆఫీసులోనో తెరుచుకోదు. అక్కడ ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా అదే మాట. అంటే ఆ కంప్యూటర్‌లో రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ అనే పాలసీ పెట్టి మూసేశారు. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఏం మార్చాలో నాకు తెలుసు, మీలో కొందరికీ తెలుసు. దయచేసి మార్చకండి. అది వాళ్ల ఇల్లు, వాళ్ల గడియ. అక్కడి సిస్టమ్ అడ్మిన్‌ను అడిగి మెయిల్‌లో పంపించుకోమని చెప్పండి. మీ సొంత షాపు కంప్యూటర్ అయితే వేరే సంగతి. వైరస్ వస్తోందని పాత మెకానిక్ ఎవరైనా మూసి ఉండవచ్చు, మీ యాంటీవైరస్‌లోనే యూఎస్‌బీని ఆపే సెట్టింగ్ ఆన్ అయి ఉండవచ్చు. ముందు యాంటీవైరస్ చూడండి.

నాలుగోది, దెబ్బ. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ కాపీ అవుతుండగా కరెంటు పోయింది, లేదా తొందరలో లాగేశారు. రాత సగంలో ఆగింది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే మధ్యలో ఆగిన పనిని సరిచేసుకోవడానికి లోపల ఒక చిట్టా రాసుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌కు అది లేదు. కాబట్టి ఎజెక్ట్ చేసి తీయడం మరవకండి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి మామూలు పెన్‌డ్రైవ్‌లను నేరుగా తీసినా పర్వాలేదన్నట్టు సెట్టింగ్ మార్చారు. అయినా కాపీ జరుగుతుండగా లాగితే ఏ సెట్టింగూ కాపాడదు.

(సభలోంచి: "ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతాయి కదా, అది కూడా ఇదేనా?")

కాదండి, అది వైరస్. మీ ఫోల్డర్లు అక్కడే ఉంటాయి, దాచేసి ఉంటాయి. ఆ షార్ట్‌కట్‌లను నొక్కకండి, నొక్కితే మీ కంప్యూటర్‌కూ ఎక్కుతుంది. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. అప్పటికీ కనబడకపోతే, దాచిన గుర్తును తీసేసే అట్రిబ్ కమాండ్ కావాలి, అది బోర్డు మీద కింది లైను. స్కాన్ చేసి, ఫైళ్లు తీసుకుని, డ్రైవ్‌ను ఆ తర్వాత ఫార్మాట్ కొట్టుకోండి.

ఫార్మాట్ మాట వచ్చింది కాబట్టి, కాపీ అంతా బయటికి వచ్చి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకున్నాక, టీవీకి, కెమెరాకు, మ్యాక్‌కు అటూ ఇటూ తిప్పే డ్రైవ్ అయితే ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువుతుంది గానీ మామూలుగా రాయదు. షాపులోనే ఉండే బ్యాకప్ డిస్క్‌కు ఎన్‌టీఎఫ్ఎస్ మంచిది. ఇంకో మాట, టేక్‌ఓన్ కమాండ్‌ను పొరపాటున కూడా సీ డ్రైవ్ మొత్తం మీద కొట్టకండి. విండోస్ సొంత ఫైళ్ల యజమానులు మారిపోతే సిస్టమ్ మొత్తం గందరగోళమవుతుంది. అలా చేసుకుని వచ్చినవాళ్లకు కొత్తగా విండోస్ వేయడం తప్ప నేను ఇంకేమీ చేయలేకపోయాను.

బోర్డు మీది లైన్లు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్పేసులు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూడండి. ఆ చివర టేబుల్ మీద నా ల్యాప్‌టాప్, రెండు టీబీ ఖాళీ డిస్క్ ఉన్నాయి. తెరుచుకోని డ్రైవ్ తెచ్చినవాళ్లు చేతులెత్తారు, ఏడుగురున్నారు. శబ్దం వచ్చేవి పక్కన పెట్టండి, వాటి సంగతి తర్వాత మాట్లాడదాం. మిగతావాళ్లలో ముందు ఆ బ్రాడీపేట తమ్ముడు రావాలి, ఆయనకు ఐదున్నరకు బస్సు ఉందట. రా తమ్ముడూ, ఏ బాక్సు వచ్చిందో ఆ ఫొటో ముందు చూపించు.